మొహతమీం నుంచి డీఈఓ దాకా: మేడ్చల్ బడుల తనిఖీ చరిత్ర

జిల్లా విద్యాశాఖాధికారిగా (డీఈఓ) కొత్తగా బాధ్యతలు తీసుకున్నవారు మొదటి నెలల్లో చేసే పని దాదాపు ఒకటే. బడులు తిరగడం, చూసింది రాసుకోవడం, వచ్చే ఏడాదికి ప్రణాళిక వేయడం. తూంకుంట, శామీర్‌పేట, మేడ్చల్ పల్లెల్లో ఈ పనికి 150 ఏళ్ల చరిత్ర ఉంది. ఇన్నేళ్లలో హోదాల పేర్లు మారాయి, దస్తరాల భాష మారింది, జిల్లా సరిహద్దులూ మారాయి. చూసే అధికారం ఒకరిది, నడిపే అధికారం ఇంకొకరిది కావడం, చూసేవాళ్లు బడుల సంఖ్యకు చాలకపోవడం మాత్రం మారలేదు.

నిజాం రాజ్యంలో సర్కారీ చదువుకు పునాది మొదటి సాలార్‌జంగ్ దివానుగా (ప్రధానమంత్రిగా) ఉన్న రోజుల్లో పడింది. 1850ల్లో హైదరాబాదులో దారుల్ ఉలూం వెలిసింది. ఆ తర్వాత తాలూకా కేంద్రాల్లో ఫారసీ బడి ఒకటి, దేశభాషా బడి ఒకటి ఉండాలన్న ఆదేశాలు వచ్చాయి. విద్యాశాఖ స్థిరపడ్డాక దాని అధిపతిని నాజిం తాలీమాత్ అనీ, బడులు తనిఖీ చేసే అధికారిని మొహతమీం తాలీమాత్ అనీ పిలిచేవారు. ఇంగ్లీషు వారి ఏలుబడిలోని మద్రాసు ప్రెసిడెన్సీలోనూ దాదాపు అప్పుడే, 1854 నాటి ఉడ్ డిస్పాచ్ తర్వాత, ఇన్‌స్పెక్టర్ల వ్యవస్థ వచ్చింది. కోస్తా, రాయలసీమ బడుల్లో ఇన్‌స్పెక్టరు పరీక్షించి ఎందరు పిల్లలు గట్టెక్కారని తేలిస్తే దాన్ని బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి చాలాకాలం సాగింది. అక్కడ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే పంతులు జీతం తేలబోతోందని అర్థం.

మేడ్చల్ పరిస్థితి వేరు. హైదరాబాదు చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ భూమి. దాని నడుమ పాయిగా ప్రభువుల గ్రామాలు, జాగీర్లు. దివాను నేరుగా పాలించే దివానీ ప్రాంతంలోని విద్యాశాఖ నియమాలు ఇక్కడ అంత సూటిగా నడిచేవి కావు. రాజధానికి ఇంత దగ్గరి పల్లెల్లోనూ చదువు వెనకబడటానికి ఈ ముక్కచెక్కల పాలన పెద్ద కారణం.

1916 నుంచి 1928 దాకా విద్యాశాఖను నడిపిన రాస్ మసూద్ హయాంలో శాఖ బాగా విస్తరించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. అయితే తనిఖీకి వచ్చే అధికారి దస్తరం ఉర్దూలో ఉండేది, పలక పట్టిన పిల్లల ఇంటి భాష తెలుగు. ఊరివాళ్లు చందాలు వేసుకుని పెట్టుకున్న ఖాన్గీ బడులకు 1920ల్లో ముందస్తు అనుమతి తప్పనిసరి చేయడంతో చాలా బడులు మూతపడ్డాయి. అందుకే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభల్లో తెలుగు చదువు, ఖాన్గీ బడుల స్వేచ్ఛ మాటిమాటికీ తీర్మానాలకెక్కాయి. తనిఖీ అంటే బడిని బాగుచేసేది కాదు, కట్టడి చేసేది అన్న భయం ఈ నేల మీద అప్పుడే నాటుకుంది. 1951 జనగణనలో హైదరాబాదు రాష్ట్ర అక్షరాస్యత తొమ్మిది శాతం దగ్గరే ఉంది.

1949లో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. పల్లెబడులన్నీ ఒకే శాఖ కిందికి వస్తాయనుకునేలోపే మరో మలుపు వచ్చింది. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ మొదలైంది. షాద్‌నగర్‌లో నెహ్రూ దాన్ని ప్రారంభించారు. ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తు కిందికి వెళ్లాయి. కొన్ని బడులు నేరుగా ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయాయి. ఈనాటికీ బడి గోడ మీద ‘జిల్లా పరిషత్’, ‘మండల పరిషత్’, ‘ప్రభుత్వ’ అని మూడు రకాల పేర్లు కనిపించడం ఆ విభజన ఫలితమే. ఒకే తరగతికి ఒకే పాఠం చెప్పే ఇద్దరు టీచర్ల సర్వీసు నియమాలు వేరయ్యాయి. పదోన్నతులు ఎవరికన్న తగవు కోర్టులకెక్కి దశాబ్దాలు నడిచింది.

1964-66 నాటి కొఠారీ కమిషన్ బడుల పర్యవేక్షణలోని జబ్బును చక్కగా పట్టుకుంది. జిల్లా విద్యాధికారి కార్యాలయాన్ని బలపరచాలి, పాలనను, బోధన పర్యవేక్షణను విడదీయాలి, ఉన్నత పాఠశాల చుట్టూ ఉన్న చిన్న బడులను కలిపి స్కూల్ కాంప్లెక్సులు చేయాలి అని చెప్పింది. కాంప్లెక్సులు వచ్చాయి. పాలన, పర్యవేక్షణ మాత్రం విడిపోలేదు. బదిలీలు, సెలవులు, కోర్టు కేసులు, పదో తరగతి పరీక్షలు ఉన్న బల్ల మీదే బోధన దస్త్రమూ ఉంటే అది అడుగుకు జారక తప్పదు.

1980ల మధ్యలో సమితులు పోయి మండలాలు వచ్చాయి. వాటితోపాటు మండల విద్యాధికారి పోస్టు వచ్చింది. ప్రాథమిక బడులకు ఎంఈఓ, ఉన్నత పాఠశాలలకు డిప్యూటీ ఈఓ, అందరి మీదా డీఈఓ. కాగితం మీద ఇంత చక్కని అమరిక అంతకుముందు లేదు. అప్పటి వార్షిక తనిఖీ ఊరికి పండగలా ఉండేది. గోడలకు సున్నం, పిల్లలకు ఉతికిన బట్టలు, బల్ల మీద రిజిస్టర్ల దొంతర. అధికారి హాజరు పట్టీతో తలకాయలు సరిచూసి, ఒక పిల్లను లేపి పాఠం చదివించి, నల్లబల్ల మీద అప్పుతెచ్చే తీసివేత ఒకటి వేయించి, వెళ్లేముందు తనిఖీ పుస్తకంలో నాలుగు మాటలు రాసేవారు. ఆ నాలుగు మాటలు మళ్లీ ఏడాది తర్వాతే తెరుచుకునేవి. బ్రిటిష్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, తర్వాత జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ), 2001 నుంచి సర్వశిక్షా అభియాన్ వచ్చాక తనిఖీ పక్కకు జరిగి శిక్షణలు, గదుల నిర్మాణం, నిధుల లెక్కలు ముందుకొచ్చాయి. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి రావడంతో ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచరన్న కొలత చట్టబద్ధమైంది. ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ తప్పనిసరైంది.

1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది. 2018లో తూంకుంట పురపాలక సంఘమైంది. 2022 ఆగస్టులో అంతాయిపల్లిలో సమీకృత కలెక్టరేటు తెరుచుకోవడంతో జిల్లా పాలన తూంకుంట ముంగిటికి వచ్చింది. జిల్లాలు పెరిగినంత వేగంగా డీఈఓ పోస్టులు పెరగలేదు. ఎంఈఓ పోస్టులు సర్వీసు నిబంధనల తగవులో ఏళ్లకేళ్లు ఖాళీగా ఉండి, ఒక్కొక్కరు పలు మండలాలు చూడాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరులో ప్రభుత్వం ప్రధానోపాధ్యాయులకే ఎంఈఓల అదనపు బాధ్యత అప్పగించింది. తన బడిని నడుపుతూ పక్క బడులన్నీ చూడటం ఎంత నిష్ఠ ఉన్నవారికైనా భారమే. ఈ ఖాళీల వల్ల మొదట నష్టపోయింది చిన్న బడుల పిల్లలే.

కొత్త అధికారి అంచనాకు పనికొచ్చే సాధనాలకు మాత్రం ఇప్పుడు కొదవ లేదు. 2017 జాతీయ సాధన సర్వే జిల్లాలవారీగా నివేదికలిచ్చింది. 2021లో అది మళ్లీ జరిగింది. 2024 డిసెంబరు 4న దాని కొత్త రూపమైన పరఖ్ సర్వే మూడు, ఆరు, తొమ్మిది తరగతులను పరీక్షించింది. రాష్ట్రం 2022లో ప్రాథమిక తరగతులకు తొలిమెట్టు తెచ్చింది. బిడ్డ అక్షరం దగ్గర ఆగిందా, పదం దగ్గరా, వాక్యం దగ్గరా అని టీచరు నెలనెలా గుర్తించి, వెనకబడ్డవారికి వేరుగా చెప్పడం దాని సారం. ఈ ప్రాంతపు బడులకు ఇంతకన్నా అవసరమైన పథకం ఇంకొకటి రాలేదు. ఏడాదికొకసారి ఒక పిల్లను లేపి చదివించడానికీ దీనికీ చాలా తేడా ఉంది. అదే ఏడాది మొదలైన మన ఊరు-మన బడి 7,289 కోట్ల అంచనాతో 26,065 బడులను బాగుచేయాలనుకుంది. 2024లో ఆ తరహా మరమ్మతుల బాధ్యత మహిళా సంఘాలతో కూడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు వెళ్లింది. ఆ ఏడాది టీచర్ల నియామకపు డీఎస్సీలో 11,062 పోస్టుల భర్తీ చేపట్టడం టీచర్ల కొరతకు కొంత ఊరట.

అయితే మేడ్చల్ జిల్లా లెక్క మిగతా జిల్లాల్లా ఉండదు. మారుమూల జిల్లాల్లో పిల్లలు తగ్గిన బడులను ఏం చేయాలన్నది సమస్య. నగరం పాకిన ఈ శివార్లలో ప్రైవేటు బడులు అడుగడుగునా ఉన్నా, కూలినాలి వారి కాలనీల్లో సర్కారు బడి గదులు చాలవు. శామీర్‌పేట చుట్టూ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ క్యాంపస్ ఉన్నాయి, తుర్కపల్లిలో బయోటెక్ పరిశ్రమల జినోమ్ వ్యాలీ ఉంది, హకీంపేటలో రాష్ట్ర క్రీడాపాఠశాల ఉంది. ఆ పక్కనే కట్టడాల దగ్గర ఒడిశా, బీహారు నుంచి వచ్చిన కుటుంబాలు రేకుల షెడ్లలో ఉంటాయి. పని సాగినన్నాళ్లే ఆ పిల్లలు ఇక్కడ ఉంటారు. వారి ఇంటి భాష తెలుగు కాదు, 2022-23 నుంచి బడి మాధ్యమం ఇంగ్లీషు. మొహతమీం నాటి ఉర్దూ దస్తరం, తెలుగు పిల్లల చిక్కు ఇప్పుడు ఇంకో రూపంలో తరగతి గదిలోనే కూర్చుంది.

కాబట్టి ఈ జిల్లాకు వేసే ప్రణాళికలో టీచర్ల సర్దుబాటు జూన్‌లోనే పూర్తికావాలి. దసరా దాకా సాగదీస్తే సగం చదువు పోయినట్టే. వలస పిల్లలను ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకుని, వారి తొలిమెట్టు స్థాయిని వారంలోపు గుర్తించే ఏర్పాటు ఉండాలి. స్థానిక సంస్థల చేతిలోని నీళ్లు, పారిశుద్ధ్యం, పరిషత్తుల పేరున ఉన్న భవనాల మీద డీఈఓకు నేరుగా అధికారం లేదు. కలెక్టరు సమీక్షలో ఆ శాఖలన్నింటినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడమే ఆయనకున్న మార్గం. కాంప్లెక్సు ప్రధానోపాధ్యాయులు నెలకోసారైనా ప్రతి చిన్న బడిలో ఒక పూర్తి పీరియడు కూర్చుని చూడాలంటే, ముందుగా వారి మీదున్న రోజువారీ ఆన్‌లైన్ నివేదికల బరువు దించాలి. రెగ్యులర్ ఎంఈఓలు వచ్చేదాకా పర్యవేక్షణ అంతా వారి భుజాల మీదే ఉంటుంది.