కోరంగీలు: బర్మా వలసను గూర్చిన రెండు కథనములు

వలసను గూర్చిన ప్రజా చర్చ రెండు ధ్రువములుగా చీలినప్పుడు సత్యమునకు ఏమి జరుగుతుంది? ఈ ప్రశ్నను మేము బర్మాకు వెళ్ళిన తెలుగు కూలీల చరిత్ర వెలుగులో పరిశీలిస్తున్నాము. కాకినాడ, విశాఖపట్టణం రేవుల నుండి ఓడలెక్కి రంగూను చేరిన వీరికి, పాత కోరంగి రేవు పేరుమీద ‘కోరంగీలు’ అనే పేరు వచ్చింది.

1930 మే నెలలో రంగూను ఓడరేవులోని తెలుగు కూలీలు సమ్మె చేశారు. యజమానులు వారి స్థానములో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె పరిష్కారమైన తరువాత బర్మావారిని పంపివేశారు. మే 26న అల్లర్లు చెలరేగాయి. ఇరుపక్షముల కూలీలను అవసరానికి వాడుకున్నది యజమానులు. అయితే దెబ్బలాట కూలీల మధ్యనే జరిగింది.

1931 జనాభా లెక్కల ప్రకారము బర్మాలో భారతీయులు సుమారు 10 లక్షలు, అనగా దాదాపు 7 శాతము. రంగూనులోనైతే వారు సగానికి పైగా ఉన్నారు. మొదటి అంకెను మాత్రమే చూచినవానికి బర్మావారి భయము అర్థము కాదు. రెండవ అంకెను మాత్రమే చూచినవానికి దేశమంతా పరులపాలైనట్లు తోస్తుంది.

ఆర్థిక మాంద్యములో ధాన్యపు ధర పడిపోగా, అప్పు తీర్చలేని రైతుల పొలములు చెట్టియార్ల పరమయ్యాయి. 1930ల చివరికి దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాలలో సుమారు నాలుగవ వంతు భూమి వారిదే. రైతు బాధ నిజమైనదే. కాని ‘భారతీయుడు’ అనే ఒకే మాటలో అప్పిచ్చినవాడు, బస్తాలు మోసినవాడు ఒక్కటైపోయారు. మరొక ప్రక్క, బర్మాను కట్టినది భారతీయులే అనే కథనము రైతు బాధను లెక్కచేయలేదు.

1937లో బర్మా భారతదేశము నుండి వేరై, ఎన్నికైన శాసనసభకు బాధ్యత వహించే మంత్రివర్గమును పొందింది. మరుసటి సంవత్సరమే తిరిగి అల్లర్లు జరిగాయి. విచారణ సంఘము పత్రికల పాత్రను తప్పుపట్టింది. తరువాత బాక్స్టర్ నివేదిక, భారత కూలీలు స్థానికుల పనిని లాగుకొనుటకన్న శ్రామికుల కొరతను తీర్చారని తేల్చింది. అది వెలువడిన 1941లోనే వలసను నియంత్రించే ఒప్పందము కుదిరింది. ఆ డిసెంబరులో రంగూనుపై బాంబులు పడ్డాయి. 1942 నాటికి లక్షలాది భారతీయులు కొండదారులు పట్టారు. అనేకులు దారిలోనే మరణించారు.

వాస్తవములు లేక కాదు, అవి చేరేసరికి వినేవారు లేకపోయారు. మన పట్టణములకు నేడు వస్తున్న వలస కూలీలను గూర్చి సంఘములో మాట్లాడేటప్పుడు, ఎవరి బాధను చెబుతున్నామో, ఎవరిని దానికి బాధ్యులను చేస్తున్నామో విడివిడిగా విచారించుట మన బాధ్యత.