విద్యాధనము - వృద్ధపోషణము

చదువు హెచ్చినకొలది వృద్ధులయెడ ఆదరము సన్నగిల్లుచున్నదని లోకమున ఒక అభిప్రాయము కలదు. ఇది మనఃప్రవృత్తికి మాత్రమే సంబంధించిన విషయము కాదు. హిందూ న్యాయచరిత్రలోని 'విద్యాధన' వివాదము దీని మూలమును కొంత విశదము చేయును.

పితృద్రవ్యసహాయము లేక విద్యచే గడించిన ధనము గడించినవానిదే యని ధర్మశాస్త్రములు అంగీకరించినవి. మరి ఉమ్మడి కుటుంబపు వ్యయముతో చదివినవాని ఆర్జన యెవరిది? 1864లో మద్రాసు హైకోర్టు ఒక నర్తకీ కుటుంబపు వ్యాజ్యమున, కుటుంబవ్యయముతో అబ్బిన విద్యవలని ఆర్జన విభాజ్యమేయని సూత్రీకరించెను. 1921లో ప్రీవీ కౌన్సిలు ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగి ఆర్జనకును ఈ న్యాయమునే వర్తింపజేసెను.

ఈ పద్ధతిలో చదువుకొన్న కుమారుని జీతమున తండ్రికి భాగము కలదు. ఇంటిపట్టున సేద్యము చేసి తల్లిదండ్రులను కనిపెట్టుకొనియున్న సోదరునికిని భాగము కలదు. వృద్ధపోషణము దయాధర్మము గాక, ఉమ్మడి ఆస్తినుండి సహజముగ సాగెడి వ్యవహారమై యుండెను.

పందొమ్మిదవ శతాబ్దపు చివర మద్రాసు శాసనసభలో వి. భాష్యం అయ్యంగారు ప్రతిపాదించిన విద్యాధనపు బిల్లు చట్టము కాలేదు. తుదకు 1930లో కేంద్ర శాసనము వెలువడెను. చదువునకు కుటుంబధనము వ్యయమైనదను కారణమున మాత్రమే ఆర్జన ఉమ్మడిసొత్తు కాదని అది నిర్ణయించెను. విద్యావంతునికి స్వాతంత్ర్యము లభించెను. నాగలి పట్టిన సోదరుని భాగము తొలగిపోయెను.

అయినను తల్లిదండ్రుల పోషణభారము తొలగలేదు. ఆస్తి లేకున్నను వృద్ధులైన తల్లిదండ్రులను కుమారుడు పోషింపవలెనను పూర్వధర్మము నిలిచియే యున్నది. 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టము ఈ బాధ్యతను కుమార్తెకును విస్తరింపజేసెను. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు ననుసరించి, స్తోమతుగల వివాహిత కుమార్తెయు తండ్రిని పోషింపవలెనని 1987లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ కుమార్తె వైద్యురాలు. విద్య తెచ్చిన స్వార్జనయే ఇచట ఆమె బాధ్యతకు ఆధారమైనది.

కావున విద్య మాతాపితృభక్తిని హరించినదనుట తొందరపాటు. మారినది పోషణకు గల ఆధారము. పూర్వము భాగముగా నున్నది నేడు హక్కుగా మారినది. భాగము అడుగకయే అందును. హక్కును అడిగి పొందవలెను. కన్నబిడ్డపై కోర్టుకెక్క వెనుదీయు వృద్ధులకు ఈ భేదము స్వల్పము కాదు. ఇంటిపట్టున నుండి వారికి సేవచేసిన సోదరుని శ్రమకు మాత్రము 1930 చట్టమున ఎట్టి పరిహారమును లేదు. విద్యాప్రభావమును పరిశోధించువారు చదివినవాని మనస్సుతోపాటు, అతనిని చదివించినవారి లెక్కను గూడ పరిశీలింపవలెను.