గింజయెత్తు

నేడు నంద్యాల జిల్లాలో చేరిన మన పగిడ్యాల నిన్నమొన్నటివరకు కర్నూలు జిల్లాలోనిదే. ఆ సీమ వజ్రములకు పుట్టినిల్లు; భూగర్భశాస్త్రజ్ఞులు వజ్రములను దాచుకొన్న ఒక శిలాస్తరమునకు అచ్చటి బనగానపల్లె పేరే పెట్టుకొనిరి. అట్టి రాయికి వెలకట్టునప్పుడు వర్తకుడు పలుకు ‘క్యారెట్టు’ అను చిన్నమాట మాత్రము మధ్యధరా తీరమునుండి వచ్చినది. అచ్చటి యొక చెట్టుకాయ కొమ్మువలె వంగియుండుటచే గ్రీకులు దానిని ‘కెరాతియోన్’, అనగా చిరుకొమ్ము, అనిరి. దాని గింజయెత్తు తూకమునకును అదే పేరయ్యెను. అరబ్బులు దానిని ‘కీరాత్’ అనగా, వారినుండి గ్రహించి ఇటలీవారు ‘కరాతో’ అనియు, ఫ్రెంచివారు ‘కరా’ అనియు, జర్మనులు ‘కరాట్’ అనియు, స్పెయినువారు ‘కిలాతె’ అనియు పలికిరి.

నాలుగవ శతాబ్దిలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ముద్రించిన సాలిడస్ అను బంగారునాణెము 24 గింజలయెత్తు; మేలిమి బంగారమును 24 క్యారెట్లనుట ఆ లెక్కయే. ఇరువదినాల్గవ వంతు అను ఆ భావము తూకమును దాటి ఎంత దూరము పోయినదనగా, ఇటలీలో ఓడ యాజమాన్యమును 24 ‘కరాతి’లుగా పంచుకొనుటయు, ఈజిప్టులో ఫెద్దాను అను భూమికొలతను 24 కీరాత్‌లుగా విభజించుటయు కలదు. స్పెయినువారు మనుష్యుని గుణసంపదను సైతము కిలాతెలలో చెప్పుదురు. నాకు మిక్కిలి నచ్చిన అర్థమిదియే.

క్యారెట్టుకు మూలమైన ఆ గింజలన్నియు సమానమైన బరువు గలవని లోకమున చిరకాలముగా నున్న నమ్మకము తూచి చూచినప్పుడు నిలువలేదు. తక్కిన గింజలవలెనే అవియు హెచ్చుతగ్గులు గలవే. మన కంసాలి గురివిందగింజను త్రాసులో వేసినది ఎట్లో, గ్రీకు వర్తకుడు ఆ గింజను వేసినదియు అట్లే.

అంతకంటె మనకు ఆత్మీయమైనది ‘మంజాళి’. ఎఱ్ఱని గింజయొకదాని పేరైన ఈ తెలుగు మాటను పోర్చుగీసువారు ‘మంజెలిం’ అనిరి. ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే 1676లో అచ్చువేయించిన తన యాత్రాగ్రంథమున, రావోల్కొండ గనిలో ఒక మంజాళి ఒకటిముప్పావు క్యారెట్టనియు, గోలకొండ, బిజాపురము రాజ్యములలో ఒకటింబాతిక మీద అరపాతిక యనియు వ్రాసెను. రావోల్కొండ మన రామళ్ళకోటయేనని కొందరందురు. క్యారెట్టుకు సరిజోడుగా పడమటి గ్రంథములకెక్కిన మన మాట మన యిండ్లలోనే వినబడకపోవుట నాకు బాధగా నున్నది.

దేశదేశమున భిన్నముగానుండిన క్యారెట్టును 1907లో తూనికల అంతర్జాతీయ మహాసభ 200 మిల్లీగ్రాములుగా స్థిరపరచెను. తొలకరి చినుకులు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో వజ్రములు వెదకువారికి దొరకిన రాయిని నేడు తూచునది ఆ క్యారెట్టుతోనే. రావోల్కొండ మంజాళి దానికించుమించు రెండింతలు.