టంకసాలలో ముద్రారాక్షసాలు

పుస్తకంలో అచ్చుతప్పు దొర్లితే దానిని మనం ముద్రారాక్షసం అంటాము. ఆ రాక్షసం నాణేలనూ వదలలేదు. తేడా ఒక్కటే. పుస్తకంలో తప్పుకు సంపాదకుడు క్షమాపణ చెప్పుకుంటాడు. నాణెంమీద తప్పును జనం ఎదురు డబ్బిచ్చి కొనుక్కుంటారు. అమెరికాలో ఈ వింతకు పెద్ద చరిత్రే ఉన్నది.

1937లో డెన్వరు టంకసాలలో దున్నపోతు బొమ్మగల అయిదు సెంట్ల నాణేలు ముద్రిస్తున్నారు. డై మీద పడిన గీతలను పోగొట్టడానికి ఒక పనివాడు దానిని అతిగా అరగదీశాడు. గీతలతోపాటు దున్న ముందరి కాలు ఒకటి మాయమైంది. ఆ మూడుకాళ్ళ దున్నకు నాటినుండి గిరాకీ తగ్గలేదు.

1943లో యుద్ధానికి రాగి అవసరమై, సెంటును జింకు పూత పూసిన ఉక్కుతో చేశారు. కాని పాత రాగి బిళ్ళలు కొన్ని యంత్రాలలో మిగిలిపోయి, ఆ ఏటి ముద్రతోనే బయటికి వచ్చాయి. 1947లో మసాచుసెట్స్‌లో 16 ఏళ్ళ విద్యార్థికి బడి భోజనశాల చిల్లరలో అలాంటిదొకటి దొరికింది. ఖజానా శాఖను అడిగితే, ఆ ఏడు సెంట్లన్నీ ఉక్కువేనని జవాబు వచ్చింది. అతడు మాత్రం దానిని పారేయలేదు. 2019 జనవరిలో వేలంలో అది 2,04,000 డాలర్లు పలికింది.

అన్నిటిలోకి పేరుపడ్డది 1955 నాటి జంటముద్ర సెంటు. ఉబ్బెత్తు బొమ్మగల హబ్బు అనే ఉక్కు దిమ్మను మరో దిమ్మమీద అదిమితే డై తయారవుతుంది. ఆ రోజుల్లో ఒక్క అదుముతో బొమ్మ పూర్తిగా దిగేది కాదు. డైని కాల్చి మెత్తబరచి మళ్ళీ అదిమేవారు. ఫిలడెల్ఫియాలో ఒక డై రెండోసారి కొద్దిగా పక్కకు తిరిగింది. దానితో తేదీ, అక్షరాలు జంటగా పడ్డాయి. తప్పు కనిపెట్టేసరికి 20 వేలకు పైగా నాణేలు మంచివాటిలో కలిసిపోయాయి. వాటికోసం కుప్పంతా కరిగించడం ఎందుకని వదిలేశారు. అప్పట్లో యంత్రంలో పావలా డాలరు వేస్తే 23 సెంట్ల సిగరెట్ పెట్టెతోపాటు రెండు సెంట్ల చిల్లర వచ్చేది. ఈ నాణేలు చాలావరకు అలాగే జనం చేతికి చేరాయి. వాడి అరిగినది కూడా నేడు వెయ్యి డాలర్లకు పైనే.

మరి అసలును గుర్తించడమెలా? తప్పు టంకసాలలోనే జరిగి ఉండాలి. బయట నలిగినా, సొట్టపడినా అది పాడైన నాణెమే. నిజమైన జంటముద్రలో రెండు బొమ్మలూ ఉబ్బెత్తుగా, గుండ్రంగా ఉంటాయి. అక్షరాల కొసలు చీలినట్లు కనబడతాయి. కొట్టేటప్పుడు డై అదిరితే రెండోది చదునుగా, మెట్టులాగా పడుతుంది. దానికి విలువ లేదు. 1943 సెంటు అయస్కాంతానికి అంటుకుంటే అది రాగిపూత పూసిన ఉక్కు. 1948లోని 8ని చెక్కి 3గా మార్చిన మోసగాళ్ళూ ఉన్నారు. దున్న కాలు గీకేసినవాళ్ళూ ఉన్నారు. అందుచేత పెద్ద ధర పెట్టేముందు పి.సి.జి.ఎస్., ఎన్.జి.సి. వంటి సంస్థల పరీక్ష అవసరం.

1793లో పుట్టిన సెంటును చలామణికోసం చివరిసారిగా 2025 నవంబరు 12న ఫిలడెల్ఫియాలో ముద్రించారు. ఇంటింటా సీసాలలో మూలుగుతున్న సెంట్లను బ్యాంకుకు చేర్చేముందు, పిల్లలను కూర్చోబెట్టి భూతద్దంతో ఒకసారి చూపించండి. చరిత్ర పాఠమూ అవుతుంది, ఓపికా అలవడుతుంది. ఒక్క విన్నపం: మన ఇళ్ళలో రాగి చెంబులు తోమినట్లు వాటిని చింతపండుతో తోమకండి. తోమిన నాణెం మెరుస్తుంది గాని, దాని విలువ నీళ్ళలో కలిసిపోతుంది.