పాస్టరమ్మ పని

1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ లెక్క మా సండే స్కూలు పిల్లలకు కూడా కంఠతా వచ్చు. అంతమందికి ఆ తర్వాత పల్లెపల్లెకీ వెళ్ళి అక్షరాలూ ప్రార్థనా నేర్పిందెవరని అడిగితే మాత్రం సగం జవాబే చెబుతారు. ఆ మిగతా సగం పాస్టరు భార్య, అంటే పాస్టరమ్మ.

ఒంగోలు ప్రాంతంలో మొదటి విశ్వాసుల్లో ఒకడైన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ బేరం చేసేవాడు. ఆయన, భార్య నాగమ్మ కలిసే క్రైస్తవంలోకి వచ్చారు. 1870లలో రామాయపట్నంలో బాప్టిస్టు సెమినరీ మొదలైనప్పుడు చదువుకోడానికి వచ్చినవాళ్ళలో పెళ్ళయినవాళ్ళే ఎక్కువ. భార్యాబిడ్డలతో సహా వచ్చేవారు. భర్తలతోపాటు ఆ ఆడవాళ్ళూ పాఠాలకు కూర్చున్నారు. ఊళ్ళో ఆడవాళ్ళ దగ్గర కూర్చుని మాట్లాడాలంటే ఆడమనిషే కావాలి మరి. 1912లో బిషప్ అయిన అజరయ్య కూడా దోర్నకల్‌లో పల్లె ఉపదేశకులకు శిక్షణ ఇచ్చేటప్పుడు వాళ్ళ భార్యలను వదిలిపెట్టలేదు.

సంఘాన్ని పోషించిందీ ఆడవాళ్ళే. మా అమ్మ ఎసరు పెట్టి, చేటలో బియ్యం చెరిగి, పొయ్యి దగ్గరికి పోయే ముందు అందులోంచి ఒక గుప్పెడు తీసి గూట్లోని చిన్న కుండలో వేసేది. కరువు రోజుల్లో పిడికిలి చిన్నదయ్యేదేమో గానీ కుండ మూత తియ్యని పూట లేదు. ఆదివారం పల్లెలోని కుండలన్నీ గుడికి చేరేవి. పాస్టరు అయ్యగారి జీతంలో కొంత ఆ బియ్యం నుంచే వచ్చేది. బియ్యం తీసింది ఆడవాళ్ళు, లెక్కలు రాసింది సంఘపెద్దలైన మగవాళ్ళు.

మా నాన్న పాస్టరు. అమ్మకు జీతం లేదు. సండే స్కూలు ఆమెదే, స్త్రీల కూటం ఆమెదే. పురిటి ఇంటికి మొదట కబురొచ్చేదీ, చావింట్లో చివరిదాకా ఉండేదీ ఆమే. కూటం ఉన్న సాయంత్రం నాన్న మా ముగ్గురికీ స్నానాలు చేయించి, అన్నం వార్చి, బావి నుంచి బిందెలు మోసేవాడు. ఒకసారి ఓ పెద్దాయన నొచ్చుకుని, “అయ్యగారూ, మీరు బిందె ఎత్తితే మాకు తలవంపులండీ” అన్నాడు. నాన్న బిందె దించకుండానే, “అమ్మగారు నా సేవలో సగం మోస్తోంది. నేను ఈపాటి మోయలేనా?” అన్నాడు. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మోశాడు.

2013 సెప్టెంబరు 30న నంద్యాలలో ఇ. పుష్పలలిత బిషప్‌గా అభిషిక్తురాలైంది. 1947లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్‌ఐ) సంఘానికి ఆమె మొదటి మహిళా బిషప్. అది రాయలసీమలో జరిగినందుకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. అయితే ఒక సంగతి గమనించాలి. మగ పాస్టరును పిలిచినప్పుడు సంఘం ఆయన భార్య చాకిరీని కూడా లెక్కలో వేసుకుంటుంది. ఒక స్త్రీ పాస్టరుగా వస్తే, అతిథులకు వండిపెట్టమనీ, పిల్లలను చూసుకోమనీ ఆమె భర్తను అడిగేవారు ఎందరు? వేదిక మీద ఆమెకు చోటిచ్చి, ఇంటి పని మొత్తం ఆమెకే వదిలేస్తే ఆ గౌరవం సగంలోనే ఆగిపోతుంది.

అందుకే శతాబ్ది సంచికలు వేస్తున్న సంఘాలను ఒకటి కోరుతున్నాను. ప్రతి పాస్టరు పేరు పక్కన భార్య పేరు, ఆమె నడిపిన బడి, చేసిన పని రాయండి. “ఫలానా వారి సతీమణి” అని సరిపెట్టకండి. పెళ్ళికి ముందు ఇచ్చే కౌన్సిలింగులో వరుణ్ణి వంట గురించీ, పిల్లల పెంపకం గురించీ గట్టిగా అడగండి. ఆలుమగలు కలిసి మోసినందువల్లే ఈ సంఘాలు నిలబడ్డాయి. ఇంటి బరువు కూడా అలాగే కలిసి మోయాలని చెప్పడానికి మనకు వేరే దేశం నుంచి పాఠం అక్కర్లేదు, మన చరిత్రే చాలు.