లైసెన్సులో పొరపాటు.. అరెస్టుకు దారితీస్తే?

మేడ్చల్, శామీర్‌పేట: మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి సాగుతాయి. నిత్యం రద్దీగా ఉండే ఈ మార్గాల్లో వాహన తనిఖీలు సర్వసాధారణం. లైసెన్సు నంబరులో ఒక అంకె తేడా, పేరులో అక్షరదోషం, పాత లైసెన్సు వివరాలు కంప్యూటర్‌లో కనిపించకపోవడం వంటి కారణాలతో అది నకిలీదన్న అనుమానం తలెత్తవచ్చు. ఆ అనుమానం అరెస్టు వరకు వెళితే బాధితుడికి చట్టం పలు మార్గాలు చూపుతోంది. అయితే వాటిలో ముఖ్యమైన రెండింటికి గడువు ఏడాది మాత్రమే.

పోలీసుల అధికారం ఎంతవరకు?

మోటారు వాహనాల చట్టం-1988లోని 202వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరంగా నడపడం, మత్తులో నడపడం, అనుమతి లేకుండా ఇతరుల వాహనం తీసుకెళ్లడం తన ఎదుట జరిగితే యూనిఫాంలోని పోలీసు అధికారి వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. ఈ చట్టం కింద నేరం చేసిన వ్యక్తి పేరు, చిరునామా చెప్పేందుకు నిరాకరించినా అరెస్టు చేయవచ్చు. లైసెన్సు లేకపోవడం ఒక్కటే ఈ జాబితాలో లేదు.

నకిలీ పత్రం వాడారంటూ భారతీయ న్యాయసంహిత కింద కేసు పెడితే పరిస్థితి వేరు. అప్పుడు కూడా ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అరెస్టు అవసరం లేనిచోట హాజరు నోటీసు ఇవ్వాలని నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ చెబుతోంది. యాంత్రికంగా అరెస్టు చేయరాదని ఆర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2014లోనే స్పష్టం చేసింది.

ఠాణాలో హక్కులు

* అరెస్టుకు కారణాలు తెలపాలి. తెలపకుంటే అరెస్టే చెల్లదని సుప్రీంకోర్టు 2025లో విహాన్ కుమార్ కేసులో తీర్పునిచ్చింది.
* సాక్షి సంతకంతో అరెస్టు మెమో రాయాలి. బంధువుకో, మిత్రుడికో సమాచారమివ్వాలి.
* న్యాయవాదిని కలిసే అవకాశం కల్పించాలి.
* ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ఎదుట హాజరుపరచాలి.

ఆధారాలే కీలకం

లైసెన్సు జారీ చేసిన రవాణాశాఖ కార్యాలయం నుంచి అది అసలైనదేనని ధ్రువీకరణ తీసుకోవాలి. అరెస్టు మెమో, ఎఫ్ఐఆర్ ప్రతి, వైద్యపరీక్ష నివేదిక భద్రపరచుకోవాలి. ఠాణాల్లో సీసీ కెమెరాలు ఉండాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ దృశ్యాల కోసం వెంటనే లిఖితపూర్వకంగా దరఖాస్తు చేయడం మేలు.

ఎవరిని ఆశ్రయించాలి?

అక్రమ నిర్బంధం కొనసాగుతుంటే హైకోర్టులో హెబియస్ కార్పస్ రిట్ వేయవచ్చు. ఆధారం లేని కేసు కొట్టివేతకు సురక్షా సంహిత 528వ సెక్షన్ కింద పిటిషన్ వేయవచ్చు. మానవ హక్కుల కమిషన్‌కు ఘటన జరిగిన ఏడాదిలోగా ఫిర్యాదు చేయాలి. అక్రమ నిర్బంధంపై పరిహారం కోరే సివిల్ దావాకు విడుదలైన నాటి నుంచి ఏడాది గడువు. ప్రాథమిక హక్కుల ఉల్లంఘన జరిగితే రిట్ ద్వారానూ పరిహారం కోరవచ్చు. నోటీసు నిబంధనలు పాటించకుండా అరెస్టు చేసిన ఇద్దరు మహిళలకు రూ.5 లక్షల చొప్పున చెల్లించాలని 2016లో రిని జోహర్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

నిర్దోషిగా తేలినంత మాత్రాన పరిహారం దానంతటదే రాదు. మక్కా మసీదు పేలుళ్ల అనంతరం నిర్బంధించిన యువకుల్లో 20 మందికి రూ.3 లక్షల చొప్పున, 50 మందికి రూ.20 వేల చొప్పున ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన పరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టివేసింది. అరెస్టే చట్టవిరుద్ధమని ఆధారాలతో నిరూపించాల్సి ఉంటుంది.

ఉచిత న్యాయసాయం

నిర్బంధంలో ఉన్నవారు, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. ఇందుకోసం 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. లైసెన్సులో తప్పులుంటే ముందే రవాణాశాఖకు దరఖాస్తు చేసి సరిచేయించుకోవడం ఉత్తమం.