పాత ఇత్తడి సామాను తుక్కుకు వేస్తున్నారా? తూకం వేయించే ముందు ఈ గుర్తులు చూసుకోండి

పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు చాలామంది చేసే పని ఒకటే. తలుపుల గుబ్బలు, గొళ్లేలు, ఉయ్యాల గొలుసులు, అటక మీద దొరికిన మరచెంబు, ఎందుకు వాడేవారో తెలియని ఇత్తడి ముక్కలు.. అన్నీ ఓ గోనెసంచిలో వేసి తూకానికి ఇచ్చేస్తారు. కిలోకి ఇంత అని లెక్క కట్టి డబ్బులు చేతిలో పెడతారు, అంతే. ఆ సంచిలో ఏముందో చూసేవాళ్లు తక్కువ. మరోపక్క మామూలు రాగి చెంబుకు మహిమలు అంటగట్టి లక్షలు కాజేసేవాళ్లూ ఉన్నారు. రెండు నష్టాలూ తప్పాలంటే వస్తువేంటో గుర్తుపట్టడం రావాలి.

అయస్కాంతం ఒక్కటే సరిపోదు

మొదట అందరూ చేసేది అయస్కాంతం పరీక్ష. అంటుకుంటే లోపల ఇనుము, పైన ఇత్తడి పూత. అది సరే. అంటుకోకపోతే అసలు ఇత్తడే అనుకుంటారు, అక్కడే దెబ్బతింటారు. జింకు మిశ్రమంతో పోత పోసి, పైన పసుపు రంగు పూత వేసిన హ్యాండిళ్లు మార్కెట్లో బోలెడు. వాటికీ అయస్కాంతం అంటుకోదు. అందుకే కనపడని చోట, వెనకవైపో స్క్రూ కన్నం లోపలో, ఆకురాయితో చిన్న గీత గీసి చూడాలి. లోపల కూడా పసుపే ఉంటే ఇత్తడి. ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా, బూడిద రంగులో ఉంటే పూత సరుకు.

గీత పెట్టడం ఇష్టం లేదా? వంటింటి డిజిటల్ కాటా చాలు. ముందు వస్తువు బరువు రాసుకోండి. తర్వాత కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి రీడింగ్ సున్నా చేయండి. వస్తువును దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, గిన్నె అడుగుకూ అంచులకూ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. అప్పుడు కాటా ఎన్ని గ్రాములు చూపిస్తే ఆ అంకెతో మొదటి బరువును భాగించాలి. ఉదాహరణకు 420 గ్రాముల హ్యాండిల్‌కు కాటా 50 చూపిస్తే 8.4 వస్తుంది, అది ఇత్తడి. అదే సైజు జింకు మిశ్రమమైతే 6.7 దగ్గర ఆగుతుంది. అల్యూమినియం అయితే 2.7. లోపల బోలుగా ఉండి గాలి చిక్కుకునే వస్తువులకు మాత్రం ఈ లెక్క పనికిరాదు.

ఇక ఇత్తడా, కంచా అన్నది. ఇత్తడి అంటే రాగి, జింకు. కంచు అంటే రాగి, తగరం. కంచు కొడితే మోత చాలాసేపు నిలబడుతుంది. ఇత్తడి పాత్ర కింద పడితే సొట్ట పోతుంది, కంచుది పగులుతుంది. మన అమ్మమ్మలు ఈ తేడా చెవితోనే చెప్పేసేవారు.

వయసు చెప్పే గుర్తులు

లోహం తెలిసింది, మరి వయసు? అన్నిటికంటే నమ్మకమైన సాక్ష్యం గిన్నెల మీద చుక్కలతో కొట్టించిన పేర్లు. పెళ్లిలో పెట్టిన సామాను మీద ఇంటిపేరు, ఊరు, ఒక్కోసారి తేదీ కూడా ఉంటాయి. ఇవి సాధారణంగా అంచు కిందో మెడ దగ్గరో ఉంటాయి. పక్క నుంచి ఫోన్ టార్చ్ వేస్తే అరిగిపోయిన అక్షరాలు కూడా తేలతాయి.

తూనికరాళ్లు దొరికితే వాటి మీద ఏం రాసుందో చదవండి. తులం, శేరు, వీశె లెక్కల్లో ఉంటే కిలోలు రాకముందువి. మెట్రిక్ తూకాల కోసం కేంద్రం చట్టం చేసింది 1956లో. తలుపు సామానుకైతే స్క్రూలే ఆధారం. ప్లస్ గుర్తు స్క్రూలు ప్రపంచ మార్కెట్లోకి వచ్చిందే 1930ల్లో. అంతకంటే పాతదని చెప్పే గొళ్లేనికి అవి ఉంటే అనుమానించాలి. అయితే స్క్రూలు తర్వాత మార్చి ఉండొచ్చు కూడా, కాబట్టి పక్కన పాత కన్నాలు ఉన్నాయేమో చూడండి.

లాంతర్లు, ఈలలు, గంటల మీద ఇంగ్లిష్ పొడి అక్షరాలు కనిపిస్తే వదలొద్దు. ‘ఎం అండ్ ఎస్ఎం’ అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. 1951లో దక్షిణ రైల్వేలో కలిసిపోయింది. ‘బీఎన్ఆర్’ అంటే వాల్తేరు మీదుగా నడిచిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. ‘ఎన్ఎస్ఆర్’ ఉంటే అది నిజాం రైల్వేది కావొచ్చు. కానీ ఒక్క మాట. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం 1966 చట్టం ప్రకారం నేరం. వేలంలో కొన్నదైతే ఆ రసీదు జాగ్రత్త.

ఓడల సామాను పేరుతో అమ్మేవాటి గురించి కూడా చెప్పుకోవాలి. గుజరాత్‌లోని అలంగ్‌లో ఓడలు విడగొట్టినప్పుడు నిజమైన కిటికీలు, దీపాలు బయటికొస్తాయి. అవి బాగా బరువుంటాయి, ఉప్పుగాలికి దెబ్బతిన్న మచ్చలుంటాయి. ‘టైటానిక్ 1912’ అని చెక్కి అమ్మే దిక్సూచులు, దూరదర్శినులు మాత్రం కొత్తగా చేసిన అలంకార వస్తువులు. షోకేస్‌లో పెట్టుకోవడానికి బాగుంటాయి, పాతవని డబ్బు పెట్టకండి. అరుగుదల ఎక్కడుందో చూస్తే నకిలీ ఇట్టే దొరుకుతుంది. అసలుది చెయ్యి తగిలే చోట నున్నగా అరిగి, మూలల్లో నల్లగా ఉంటుంది. యాసిడ్‌తో పాతబరిచినది అంతటా ఒకేలా నల్లబడి ఉంటుంది.

అన్నట్టు, గుర్తులు చూడకముందే చింతపండు పెట్టి తోమేయకండి. ఏళ్ల తరబడి పట్టిన ఆ ముదురు పొర పోతే వయసు చెప్పే ఆధారం పోయినట్టే. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

బియ్యాన్ని లాగే చెంబు ఉందా?

లేదు. రైస్ పుల్లింగ్ పేరుతో జరిగేదంతా మోసం. పాత రాగి చెంబులో ఇరిడియం ఉందని, బియ్యం గింజలను లాగేస్తుందని, విదేశీ కంపెనీలు కోట్లు ఇస్తాయని నమ్మిస్తారు. పరీక్ష ఖర్చులని, అడ్వాన్సని వాయిదాల మీద గుంజుతారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసులు ఇలాంటి ముఠాలను పట్టుకున్నారు. ఇరిడియం అనే లోహం ఉన్నమాట నిజమే. తెల్లగా మెరుస్తుంది, ఇత్తడి కంటే రెండున్నర రెట్లకు పైగా బరువు. కానీ దానికి బియ్యాన్ని ఆకర్షించే గుణం లేదు. బియ్యానికి ఇనుపరజను పట్టించి, చెంబులో అయస్కాంతం దాస్తే గింజలు వాటంతటవే కదులుతాయి. మీ వంటింట్లోని బియ్యంతో చేసి చూపించమనండి, ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటారు.

చట్టం ఏం చెబుతోంది?

వందేళ్లు దాటిన పురాతన వస్తువులకు 1972 నాటి చట్టం వర్తిస్తుంది. అలాంటి లోహ విగ్రహం ఇంట్లో ఉంటే రిజిస్టర్ చేయించాలి. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్స్ కావాలి. పునాదులు తవ్వుతుంటే బిందెలోనో కుండలోనో నిధి బయటపడితే కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది.

అమెరికాలో ఉన్న పిల్లలకు నాయనమ్మ దీపపు కుందో, పాత విగ్రహమో సూట్‌కేసులో పెట్టి పంపేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. పురాతన వస్తువులను సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు. మీ వస్తువు ఆ కోవలోకి రాదని భారత పురావస్తు సర్వే సంస్థ సర్టిఫికెట్ ఇస్తుంది. ప్రయాణానికి ముందే దానికి దరఖాస్తు చేసుకోండి, ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు అడిగితే చూపించేది అదే.